ఉల్లిమడిలో హాలెండు గింజలు

మా ఆయన మిలూద్ టాంజియర్ పట్నంలో పద్దెనిమిదేళ్లు టాక్సీ నడిపాడు. అందుకని లోకంలో తనకు తెలియనిది లేదనుకుంటాడు. మా నాన్న పోయాక, అందరూ గంజాయే పండించే కెతామా కొండ మీది మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు గానీ, గంజాయి మొక్కకూ మెంతిమొక్కకూ తేడా అడిగితే తల గోక్కునే రకం. మా మేకలు అంతకంటే నయం.

ఈ వసంతంలో టాంజియర్‌లో పాత స్నేహితులను చూడ్డానికి పోయి, గాజుసీసాలో పిడికెడు గంజాయి పువ్వు కొనుక్కొచ్చాడు. హాలెండు సరుకట. అమ్మినవాడు చెప్పాడట, ఈయన నమ్మాడట. పళ్లెంలో పువ్వు నలిపితే పదకొండు గింజలు రాలాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని పెళ్లినాడు కూడా మురవనంత మురిసిపోయాడు.

"ఊట పక్క మడి వీటికి కావాలే" అన్నాడు.

ఆ మడిలో నేను ఉల్లి నాటి ఉన్నాను. చలికాలమంతా మా ఇంటికి ఉల్లి అక్కడిదే. మంచు పడితే సంతకు దారే ఉండదు.

"పదకొండు గింజలకు మడంతా ఎందుకయ్యా? అయినా హాలెండు పువ్వులో గింజలే ఉండవంటారు కదా..."

"నీకేం తెలుసే? మీ నాన్న జన్మంతా పెంచిన ఆ నాటురకం మేకల మేతకు తప్ప దేనికి పనికొచ్చింది? ఇవి జాతి మొక్కలు. వీటికి చోటు కావాలి, నీళ్లు కావాలి."

మా నాన్న ఏటా మంచి మొక్కలు ఏరి, గింజలు దులిపి, సొరబుర్రలో దాచేవాడు. ఆయన పోయాక ఆ పని నాది. ఆ గింజనే మేకల మేత అన్నాడు. మిలూద్ ఉల్లిమొక్కలు పీకి గట్టున పారేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఈయన ముందా ఏడవడం, అని మానేశాను.

గింజలు మొలిచిన మూడు వారాలకే గుర్తుపట్టాను. సన్నటి ఆకు, కాడ మీద ఎర్రచార. మా కొండ మీది నాటుమొక్కే. చెప్పొచ్చు. చెప్పలేదు. మేకల మేతకు నీళ్లు మోస్తున్నాడు, మొయ్యనీ అనుకున్నాను. మా రకానికి వానచుక్క చాలు, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. ఈయన పొద్దునా సాయంత్రం బిందెలకు బిందెలు కుమ్మరించాడు. ఆగస్టుకల్లా ఆకులు పసుపెక్కి వేలాడాయి.

"ఊరు కొత్త కదే, బెంగ పెట్టుకున్నాయి" అన్నాడు.

చివరికి వైద్యం అడగడానికి హమ్మాది మామను పిలుచుకొచ్చాడు. ఈ కొండల్లో గంజాయి గురించి ఆ ముసలాయన మాటే మాట. వెనకే నలుగురు ఇరుగుపొరుగువాళ్లు వచ్చారు. మామ ఆకు నలిపి వాసన చూసి, బోసినోటితో నవ్వాడు.

"ఏమ్మా యమ్నా, ఇది మీ నాన్న గింజ కదే? నీళ్లలో ముంచి చంపుతున్నారేంటి?"

"నిరుడు మన పంట కొనుక్కెళ్లింది టాంజియర్ వాడే కదా మామా. మా ఆయన పోయి వెనక్కి తెచ్చాడు, సీసాలో పెట్టించుకుని."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.  మిలూద్ అంతలోనే తేరుకున్నాడు.

"చూశారా! హాలెండు సరుకని చెప్పి అమ్ముకుంటున్నారంటే మన రకం ఎంత గొప్పదో! నేను ముందునుంచీ అంటూనే ఉన్నాగా."

మన రకమట! సిగ్గన్నది ఈయన గడప తొక్కలేదు. ఇంట్లోకెళ్లి గడ్డపార తెచ్చి చేతిలో పెట్టాను.

"మడి తవ్వు."

"ఉల్లికేనా?"

"ఉల్లికే."

చెమటలు కక్కుతూ సాయంత్రం దాకా తవ్వాడు. ఉల్లి నాటే అదను ఎప్పుడో దాటిపోయింది. ఆ ముక్క కూడా నేను చెప్పలేదు.