పదిహేను అంకెలు

షిహో ఆ ఫోనును పద్నాలుగు నెలలుగా బియ్యం డబ్బా అడుగున దాచి ఉంచింది. దొంగల భయంతో కాదు, ఆ ఫోనంటేనే భయం. పొరపాటున ఒక్కసారి వెలిగితే చాలు, తల్లీకూతుళ్ళు ఎక్కడున్నారో మొగుడు తకేహికోకు చెప్పేస్తుంది. కొనిచ్చింది అతనే. ఆమె మణికట్టు విరగ్గొట్టిన వారానికి, రంగు కాగితం చుట్టించి, రెండు చేతులా పట్టుకొని తలవంచి మరీ ఇచ్చాడు. ఆమె కట్టు కట్టిన చేత్తోనే పుచ్చుకొని, తనూ తలవంచింది.

సైతామాలో ఉన్న ఇంటి నుంచి ఒక మధ్యాహ్నం కూతురు కోయోమిని తీసుకొని, చెప్పాపెట్టకుండా ఉత్తరాదికి, హచినోహెకు వచ్చేసింది. ఇక్కడి నగర కార్యాలయం వాళ్ళు ఆమె కాగితాలకు తాళం వేశారు. మొగుడు వెళ్ళి ఎంత మర్యాదగా అడిగినా చిరునామా బయటపెట్టరు. బాలబడిలోనూ చెప్పి ఉంచారు. తలుపు మీద పేరు పలక పెట్టుకోలేదు. ఆమె బతుకంతా ఆ ఒక్క చిరునామాను కాపాడుకోవటమే అయింది. అది బయటపడనంతకాలం కోయోమి రాత్రిపూట ఉలిక్కిపడకుండా నిద్రపోతుంది. అంతకు మించి ఆమె ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

ఏప్రిల్‌లో కోయోమి ఒకటో తరగతిలో చేరాలి. వీపున వేసుకొనే తోలు సంచి లేకుండా మొదటి రోజు బడికి వచ్చే పిల్ల ఆ దేశంలో ఉండదు. దాని ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. చేపల కార్ఖానాలో పొద్దస్తమానం కానాగంతలు కోసి వచ్చే కూలి గది అద్దెకూ కిరసనాయిలుకూ సరిపోయేది. అమ్మటానికి ఇంట్లో ఉన్న విలువైన వస్తువు ఆ బియ్యం డబ్బాలోదే.

"అమ్మాయ్, దాన్ని బుద్ధుడి అరలో పెట్టి అగరొత్తులు వెలిగిస్తున్నావా ఏంటి? అమ్మిపారెయ్," అంది ఫుసాయే, ఇంట్లో వాడని ఫోనొకటి ఉందని షిహో అనగానే. కార్ఖానాలో షిహో పక్క బల్ల ఆమెది. అరవై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. మొగుడు పోయాక అతని గేలపు కర్రలన్నీ ఆన్‌లైన్ వేలంలో అమ్మింది. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది కొన్నారు. అందరూ 'చాలా మంచి అమ్మకందారు' అని మెచ్చుకొన్నవాళ్ళే.

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్క చేప ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. పోయాక ఆ కర్రలే నాకు చేపలు తినిపిస్తున్నాయి."

"కొనేవాళ్ళకి మన అడ్రసు తెలుస్తుందా, ఫుసాయేసాన్?"

"పేరు లేని పార్సిల్ పెట్టుకుంటే ఎవరిది ఎవరికీ తెలీదు. అంగడికెళ్ళి, సైటువాడు ఫోనుకి పంపే గళ్ళ గుర్తు, అదే క్యూఆర్ కోడు, చూపిస్తే చీటీ వాళ్ళే అంటిస్తారు. ఎందుకూ, అప్పులాళ్ళకి దొరక్కుండా వచ్చావా?"

షిహో నవ్వి ఊరుకొంది. ఆ నవ్వు బదులు అప్పుడే నిజం చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కాని తన ఇంటి కుళ్ళు ఎదుటివాళ్ళ నెత్తిన వెయ్యటం మర్యాద కాదని ఆమెకు పుట్టినప్పటి నుంచీ నేర్పారు. ఆ నేర్పినవాళ్ళను నేను క్షమించలేను.

ఫుసాయే మధ్యాహ్నపు అన్నాల గదిలో పాఠం మొదలుపెట్టింది. "ఫోటోలు పది తియ్యి. గీత ఉంటే గీత చూపించు, దాచేవా అంటే తర్వాత చంపుతారు. లోపలున్నవన్నీ తుడిచెయ్. సిమ్ము తీసెయ్. పెట్టెలో సర్దేటప్పుడు వీడియో తీసి పెట్టుకో, రేపు ఎవడైనా ఇటుకరాయి వచ్చిందన్నాడనుకో, వాడి మొహాన కొట్టొచ్చు. ఆ పైన ఫోను నంబరు రాయాలి. మాట్లాడుకునే నంబరు కాదు, తయారుచేసినవాడు ఒక్కో ఫోనుకి వేసే ఐఎంఈఐ నంబరు, పదిహేను అంకెలుంటాయి చూడు, అది."

"అది కూడా రాయాలా?"

"రాయకపోతే ఎవడు కొంటాడు? వాయిదాలు ఎగ్గొట్టిన ఫోనైతే కంపెనీవాడు ఎప్పుడో ఒకప్పుడు లైను కోసేస్తాడు కదా. ఆ అంకెలు కొట్టి చూసుకుంటారు. సున్నా వస్తే మంచిది, త్రికోణం వస్తే అనుమానం, అడ్డగీతలొస్తే అది అట్లకాడతో సమానం. అంకెలు దాచేవాడు దొంగ అనే లెక్క."

ఆదివారం షిహో ఫోను తీసుకొని రైలెక్కి మొరియోకా దాకా పోయింది. తుడిచెయ్యాలంటే ముందు వెలిగించాలి. వెలిగిస్తే జాడ దొరుకుతుంది. దొరికినా మొరియోకాలో దొరకాలి గాని ఇంట్లో కాదు. స్టేషను పక్క కాఫీ దుకాణంలో కూర్చొని, పాత ఖాతా లోంచి బయటికి వచ్చి, అన్నీ చెరిపేసి, తెర మళ్ళీ కొత్త ఫోనులా 'నమస్కారం' అనేదాకా ఊపిరి బిగబట్టింది. ఎవరూ నేర్పని జాగ్రత్త అది. ఇంత తెలివిగల మనిషికి అలా జరగటమే నన్ను కాల్చుకు తింటుంది.

వేలానికి పెట్టేటప్పుడు అంకెల్లో చివరి ఐదూ నక్షత్రాలతో కప్పేసింది. ఎందుకు కప్పిందో ఆమె కూడా సరిగ్గా చెప్పలేకపోయేది, చెయ్యి అలా పోయిందంతే. మర్నాటికల్లా ఎవరో అందరికీ కనిపించేలా ప్రశ్న పెట్టారు. "సాహసించి అడుగుతున్నందుకు మన్నించాలి. చివరి అంకెలు కనిపించటం లేదు. త్రికోణం అని అర్థం చేసుకోవచ్చా?"

షిహో చెవులు ఎర్రబడ్డాయి. దొంగ అన్నంత పనయింది. కార్ఖానాలో ఫుసాయేకు చూపించింది.

"చూశావా! నే చెప్తే విన్నావా? నూటికి నూరుపాళ్ళూ అనుమానిస్తారు. విప్పెయ్. నీ ఫోను శుభ్రంగా సున్నా వస్తోంది కదా, సిగ్గెందుకు?"

షిహో "నా అజాగ్రత్త వల్ల మీకు అనుమానం కలిగించినందుకు క్షమించండి" అని రాసి, పదిహేను అంకెలూ పెట్టేసింది.

ఐదో రోజున వేలం ముగిసింది. తొంభై ఒక్క వేల యెన్లు! ఆఖరి పది నిమిషాల్లో ఎవరో ఒక్కరే, ఎదుటివాడు వెయ్యి పెంచితే ఐదు వేలు పెంచుతూ పోయారు. గెలిచినవారి ఖాతాకు రెండు వందల పద్నాలుగు మెచ్చుకోళ్ళు, ఒక్క మచ్చ లేదు. డబ్బు గంటలో కట్టేశారు. "మంచి వస్తువును అప్పగిస్తున్నందుకు కృతజ్ఞతలు" అని రాశారు. షిహో ఫోనుకు గాలిబుడగల కవరు మూడు చుట్లు చుట్టి, పైన చిన్న కాగితం మీద చేత్తో ధన్యవాదాలు రాసి, పేరు లేని పార్సిల్‌లో పంపింది. ఆ సాయంత్రం దుకాణం అద్దాల ముందు నిలబడి, నీలంరంగు సంచి వేలితో చూపించి, "అదా, దాని పక్కదా?" అని కోయోమిని అడిగింది. పిల్ల ఊదారంగుది కావాలంది.

వస్తువు ముట్టినట్టు అవతలివారు సైటులో నొక్కితే గాని డబ్బు ఆమె చేతికి రాదు. మూడు రోజులు గడిచినా నొక్కలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, అన్నాల గదిలో ఉండగా సందేశం వచ్చింది.

"చెప్పటానికి ఎంతో ఇబ్బందిగా ఉంది. తెర అడుగున ఒక గీత మేర వేలు ఆనినా పని చేయటం లేదు. వీలైతే వాపసు చేయాలనుకొంటున్నాను. శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి."

మొరియోకాలో తెరంతా వేలితో రుద్ది చూసింది షిహో. బాగానే ఉంది. వీడియో కూడా ఉంది. అయినా ఆమె వేళ్ళు ముందుగా క్షమాపణే రాశాయి. తప్పెవరిదో తేలకముందే తలవంచటం అక్కడి ఆచారం. వంచనివాళ్ళను మనుషుల్లో జమకట్టరు.

"వాపసొస్తోందా? తీసేసుకో, మళ్ళీ పెడదాం. గొడవపడితే నీ ఖాతాకు మచ్చ పడుద్ది," అంది ఫుసాయే, ఊరగాయ ముల్లంగి కొరుకుతూ.

ఇక్కడ ఒక చిక్కుంది. పేరు లేని పార్సిల్ పోవటానికే గాని రావటానికి ఉండదు. వాపసు పంపాలంటే ఎక్కడికి పంపాలో అమ్మినవాళ్ళు చెప్పాలి. షిహో "దయచేసి హచినోహె పోస్టాఫీసులోనే ఉంచేలా పంపగలరా, నేను వెళ్ళి తెచ్చుకొంటాను" అని రాసింది. రాసి చదువుకొంది. పాడు వస్తువు అంటగట్టి, పైగా మిమ్మల్ని నమ్మను, ఇంటి గడప చూపించను అన్నట్టుంది. రెండు వందల పద్నాలుగు మంది మెచ్చిన మనిషితోనా ఇలా మాట్లాడటం! సిగ్గేసింది. చెరిపేసింది. గంట మోగే వేళయింది, బల్లల దగ్గరికి అందరూ లేస్తున్నారు. షిహో పుట్టింటి పేరూ, వీధీ, భవనం పేరూ, గది అంకె రెండు వందల మూడూ రాసి, "పెద్ద పొరపాటు జరిగింది. మీ రాక కోసం ఎదురుచూస్తుంటాను" అని ముగించి పంపేసింది. పార్సిల్ రాక అని ఆమె ఉద్దేశం.

శుక్రవారం పార్సిల్ బయలుదేరిన కబురు లేదు. శనివారం పొద్దున ఆమె మిసో చారు వేడి చేస్తుంటే సందేశం వచ్చింది.

"పార్సిల్ ఖర్చు నీకెందుకు, నేనే తెచ్చి ఇస్తాను. కోయోమికి ముందు పళ్ళు ఊడాయా?"

ఆ వాక్యంలో మర్యాద లేదు, నువ్వు అని ఉంది. షిహో పొయ్యి కట్టేసింది. కట్టేసిన పొయ్యిని మళ్ళీ కట్టేసింది. ఫోను కొన్నప్పటి కాగితం తకేహికో సొరుగులోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దాని మీద పదిహేను అంకెలూ ఉన్నాయి. పద్నాలుగు నెలలుగా ఆ మనిషి ఆ అంకెలను పాత ఫోన్లమ్మే ప్రతి చోటా కొట్టి చూస్తూ కూర్చున్నాడు. సైతామాలోని ఒమియా స్టేషను నుంచి ఇక్కడికి బులెట్ రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. సందేశం ఎక్కడి నుంచి పంపాడో తెలియదు.

"కోయోమీ, బూట్లేసుకో."

"మేజోళ్ళు?"

"వద్దు. బూట్లేసుకో చాలు."

వెనక మెట్ల మీదుగా దిగి, మంచులో రెండు సందులు దాటి ఫుసాయే ఇంట్లో పడింది. అక్కడి నుంచే పోలీసులకు ఫోను చేసింది. ఫుసాయే పిల్లను కిరసనాయిలు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, షిహో చెబుతున్నదంతా గుమ్మంలో నిలబడి వింది. మణికట్టు సంగతి వచ్చేసరికి చతికిలపడింది.

"నాకో మాట చెప్పొద్దుటే, పిల్లా? నా చేత్తో నేనే విప్పించాను కదే ఆ అంకెలు!"

"మీ తప్పేం లేదు ఫుసాయేసాన్. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, క్షమించండి."

"ఇంకోసారి క్షమించమన్నావంటే చంపుతా నిన్ను," అని ఫుసాయే భోరుమంది.

మధ్యాహ్నానికి పోలీసు ఒకాయన ఫోను చేశాడు. కుర్ర గొంతు, మంచివాడిలాగే ఉన్నాడు.

"రెండు వందల మూడు తలుపు ముందు నిలబడి ఉన్నారండీ. చేతిలో మిఠాయి పెట్టె. మమ్మల్ని చూసి వంగి నమస్కారం పెట్టారు. ఫోను వాపసివ్వడానికొచ్చానన్నారు. మీరు రాసింది చూపించారు."

"ఆయన నన్ను కొట్టేవాడండీ."

"అర్థమైందండీ. కానీ వచ్చి నిలబడితేనే పట్టుకెళ్ళాలంటే కోర్టు కాగితం కావాలి, మీ దగ్గర లేదు. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. మీరే అడ్రసిచ్చి, ఎదురుచూస్తుంటానని రాశారు. గట్టిగా చెప్పి రైలు స్టేషను దాకా దింపాం. ఫోను మీకిమ్మని మా చేతికిచ్చారు."

పొయ్యి దగ్గర కోయోమి ఒట్టి కాళ్ళు వెచ్చబెట్టుకొంటోంది.

"మరోలా అనుకోకండి," అన్నాడు కుర్రాడు, గొంతు తగ్గించి. "ఇల్లు తెలిసిపోయింది కదా. పాపను తీసుకొని కొన్నాళ్ళు వేరే ఊరు వెళ్ళడం మంచిదండీ."

"వేరే ఊరు ఇదేనండీ," అంది షిహో.