తిరగేసి చెక్కే చెయ్యి

పరంధామయ్య ముప్పై ఏళ్లుగా లోకాన్ని తిరగేసి చెక్కుతున్నాడు. పాయా లేబర్ అనే పేటలో పతకాలు తయారుచేసే కంపెనీలో ఆయన పని అదే. పళ్లెమంత ప్లాస్టర్ బిళ్లలో బొమ్మను గుంటగా తొలవాలి. దానికి అచ్చుగా వచ్చేది పతకం కాబట్టి అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయాలి, ఎడమకు చూడాల్సిన ముఖాన్ని కుడికి తిప్పాలి. బజారులో బోర్డు చదవాలన్నా ఓ క్షణం తడబడే మనిషాయన. దాని మీద భార్య సరోజిని చేయని వేళాకోళం లేదు. పోయినేడు ఆవిడ జబ్బుచేసి పోయాక, ఆ ఫ్లాట్‌లో ఆయన్ని చూసి నవ్వేవాళ్లే కరువయ్యారు.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు మతిపోతుందని ఊరంతా హడలిపోతున్న రోజులవి. వాటికి కాపలా కాసే ఉద్యోగులకు పతకాలు కావాలని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆర్డరిచ్చింది. ఒక ఆడమనిషి ముఖం, కింద సంవత్సరం, అంతే.

"అంకుల్, ఈసారి తిరగేయొద్దు. ఉబ్బెత్తుగా, ఉన్నదున్నట్టే చెక్కండి. మిగతాది మెషీన్ చూసుకుంటుంది" అన్నాడు మేనేజరు గణపతి. ఆ తర్వాత బొమ్మ చెక్కడం కూడా మెషీనే చూసుకుంటుందని వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఆఖరి పతకం. దాని మీద సరోజిని ఉండాలనుకున్నాడు పరంధామయ్య. ఎవరికీ చెప్పలేదు. ఒక్కరు గుర్తుపడితే చాలు. ఆ ఒక్కరూ ఎవరో కూడా ఆయనకు తెలుసు. నిఖిల. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే పని చేస్తుంది. రెండేళ్లు పరంధామయ్య ఫ్లాట్ వెనక గదిలో అద్దెకుండి, సరోజిని చేతి చేపల పులుసు తిన్న పిల్ల. ఆడదిక్కు లేని ఇంట్లో ఇంకెలా ఉండడమని, రైల్లో వెళ్లాల్సినంత దూరంలోని బూన్ లేకి మారిపోయింది.

సొరుగులో ఫొటో ఉంది. తీయలేదు. కట్టుకున్నదాని ముఖం చెక్కడానికి ఫొటో ఎందుకని పౌరుషం. సంవత్సరం అంకెలు తిరగబడకుండా మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. ముఖం దగ్గర చెయ్యి దానంతటదే పోయింది. చెంప మీద పెసరగింజంత పుట్టుమచ్చ పెట్టి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం మధ్యాహ్నం నిఖిల పతకం పట్టుకుని వచ్చింది.

"అంకుల్, మా ఆఫీసుల ఇచ్చిండ్రు. మీ కంపెనీదే అన్నరు. మంచిగున్నది కదా?"

పరంధామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ముఖం చూశావా?"

ఆ పిల్ల పతకాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. "ఫస్ట్ చూడంగనే అచ్చం ఆంటీ అనుకున్న అంకుల్. గుండె జల్లుమన్నది. మళ్ల చూస్తే కాదు. ఆంటీకి మచ్చ ఎడమ చెంపకుండె. నాకు అన్నం పెట్టేటప్పుడు ఇటుపక్కనే కూసునేది, రోజూ చూస్తుంటి. ఈమెకు కుడి చెంపకున్నది. ఎవరో వేరే ఆమె."

పరంధామయ్య పతకం అందుకున్నాడు. ముఖం కుడికి చూస్తోంది. ముప్పై ఏళ్ల అలవాటు. తిరగేయొద్దన్న ఒక్కసారీ ఆయన చెయ్యి తిరగేసింది. చెయ్యి సరే, మనసేమైంది? ఏ చెంపో ఆయన మరిచిపోయాడు, అద్దెకున్న పిల్ల మరిచిపోలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆవిడే అని చెబితే, మరిచిపోయానని కూడా చెప్పాలి.

"అవునమ్మా, ఎవరో" అన్నాడు.

టీ తాగి, పతకం ఆయన దగ్గరే ఉంచమని, రైలుకు టైమైందని లేచింది నిఖిల.

తలుపేసి ఆయన బాత్‌రూమ్ అద్దం ముందుకెళ్లి, పతకాన్ని దానికి ఎదురుగా పట్టుకున్నాడు. అద్దంలో సరోజిని ఎడమకు తిరిగింది. మచ్చ ఉండాల్సిన చోట ఉంది.

"ఇప్పుడు చూడమ్మా, మీ ఆంటీయే" అన్నాడు పైకే. నిఖిల ఎక్కిన రైలు అప్పటికే బూన్ లే దారి పట్టింది.