మీగడకన్నా పల్చన

పాల మీది మీగడను చిరగకుండా ఒక్క రేకుగా ఎత్తడం ఆ ఇంట్లో కోడలికే చేతనవును. "మీగడ తీయడానికి ఊపిరి బిగబడుతుందమ్మా, అదేదో తపస్సులా!" అని అత్తగారు దెప్పేది. మొగుడు ఇంకో మెట్టు పైన. "ఆఫీసులోనూ ఇదే పని. నీళ్ల మీద కాగితాలు తేల్చి జీతం పుచ్చుకుంటుంది."

కాగితాలు కావవి. మీగడకన్నా వెయ్యి రెట్లు పల్చని లోహపు రేకులు. నీళ్ల మీద తేలుతుంటే ఉంగరంలాంటి చట్రంతో కిందినుంచి ఎత్తాలి. ఎవరైనా తలుపు విసురుగా తోసినా ఆ గాలికి చిరుగుతాయి. ఆ రేకు మీదికి పెద్ద యంత్రం పరమాణు కేంద్రకాలను తోలుతుంది. అలా వచ్చిన కేంద్రకమూ రేకులోని కేంద్రకమూ ఢీకొని అతుక్కుంటే, లోకంలో ఎవరూ చూడని కొత్త కేంద్రకం పుడుతుంది. దానికోసం ఆరు దేశాలవాళ్లు చేతులు కలిపారు. మిగతా దేశాల రేకులన్నీ ఆ తాకిడి వేడికి పుటుక్కుమన్నాయి. ఈవిడ ఎత్తిన రేకు పంతొమ్మిది రోజులు నిలిచింది. ఐదంటే ఐదు కొత్త కేంద్రకాలు పుట్టాయి, రెప్పపాటులో మాయమయ్యాయి. అయితేనేం, పుట్టాయి!

"మా రేకు నిలిచిందండీ," అంటూ పరుగున ఇంటికొచ్చింది.

"మంచిదే. పొద్దున కూరలో ఉప్పు మరిచావు," అన్నాడు మొగుడు.

తర్వాత ఆ ప్రయోగం మీద వ్యాసం తయారైంది. పైన డెబ్భై రెండు పేర్లు. ఆమెది లేదు. అడుగున, "రేకుల గదికి కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క. గదికా? ఊపిరి బిగబట్టింది గదేనా?

"నీది డిప్లొమాయే కదమ్మా, నొచ్చుకోకు. అందరం నిన్ను మెచ్చుకుంటూనే ఉన్నాంగా," అన్నాడు పెద్ద ప్రొఫెసరు. ఆ మాటకీ ఉప్పు లేదనిపించింది ఆమెకి.

మర్నాడు డెబ్భై రెండు మందికీ ఒకే ఉత్తరం పంపింది. "రేకు ఎత్తిన చేతికి ఒక పేరుంది. అది వేస్తేనే మళ్లీ ఎత్తుతాను." ఉద్యోగం ఊడితే ఇంట్లో నోళ్లకు అడ్డూ ఆపూ ఉండదు.

మొదటి జవాబు సముద్రాల అవతలి ఒక పెద్ద శాస్త్రవేత్త నుంచి. "చిరిగిపోయిన రేకుల్లో మావీ ఉన్నాయి. ఆమె పేరు లేకపోతే నా పేరూ తీసేయండి." సాయంత్రానికి అలాంటివి నలభై! ఎప్పుడూ తలుపు దబాలున తోసే ప్రొఫెసరు ఆ రోజు మునివేళ్లతో తట్టి, లోపలినుంచి "రండి" అనేదాకా బయటే నిలబడ్డాడు.

అచ్చయిన కాగితం ఇంటికి తెచ్చింది. మొగుడు వేలు పెట్టి వెతుక్కుంటూ ముప్ఫై ఒకటో పేరు దగ్గర ఆగిపోయాడు. కాగితం ఆమెకు తిరిగిచ్చి, "సరే, మీగడ తీసి టీ పెట్టు," అన్నాడు.

ఆమె గరిటె అతని చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు తీయండి. ఊపిరి బిగబట్టాలి సుమా."

మీగడ నాలుగు పేలికలైంది. అత్తగారు తొంగి చూసి పకపకా నవ్వింది. "వదిలెయ్‌రా నాయనా, అది అందరికీ అబ్బే విద్య కాదు!"

"అబ్బుతుంది అత్తయ్యా," అంది కోడలు, కాగితం మడత పెట్టకుండా గోడకు అంటిస్తూ. "రేపూ ఆయనే తీస్తారు."