కూర్మమ్మ చోటు

వాకర్ ముందుకు జరిపి, ఆపరేషనైన ఎడమకాలు వేసి, దాని వెనక కుడికాలు ఈడ్చింది కూర్మమ్మ. విజయనగరం ఆసుపత్రి వరండాలో వేసే ప్రతి అడుగూ గురమ్మ మెడ మీదే వేస్తున్నట్టుంది ఆమెకు.

చేపల బజారులో ఇద్దరివీ ఎదురెదురు చోట్లు, కూర్మమ్మది మూల మీద. మొగుడు సముద్రంలో పోయినప్పటి నుంచీ కూర్మమ్మ ఆ మూల మీద కూర్చుని చేపలు కోసి కూతుర్ని పెంచింది. కొనేవాళ్లు ముందు ఆగేది అక్కడే. గురమ్మ కన్నూ ఆ చోటు మీదే. ఆ రోజు కూర్మమ్మ గంపతో వస్తుంటే, గురమ్మ చూసి మరీ చేపలు కడిగిన నీళ్లు ఆమె కాళ్ల ముందు కుమ్మరించింది. జారిపడి తుంటి విరిగిన కూర్మమ్మకు గురమ్మ నవ్వు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

మనిషి రాకపోయినా కత్తిపీట ఉంటే చోటు ఆ మనిషిదే. అమావాస్య దాటితే మాత్రం ఎవరైనా కూర్చోవచ్చు. అది బజారు కట్టుబాటు. అమావాస్య ఎల్లుండే.

"పిక్క నొప్పిగా ఉందా అమ్మా?" ఆమె మంచం దగ్గర ఆగి అడిగాడు రౌండ్స్‌కొచ్చిన డాక్టరు.

కూర్మమ్మ చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంది. "ఏటీ నేదు బాబూ. రేపు పంపించెయ్యి."

పక్క మంచం మీది మనిషి మూలగడంతో డాక్టరు అటు వెళ్లాడు.

"కాలు పొంగిపోయున్నాది. డాక్టరుకి సెప్తానమ్మా," అంది కూతురు భారతి.

"సెప్పినావంటే మళ్లీ పడుకోబెడతారు. ఆ గురమ్మ నా సోట్లో కూకుంటాది."

"కూకోనీ. నీ పేనం కన్నానా?"

"పేనం పోతే పోతాది. సోటు పోతే అది నవ్వుతాదే." కూతురి వైపు తిరిగింది. "సోట్లో కత్తిపీట ఎటు తిప్పి పెట్టినావు?"

"నువ్వు సెప్పినట్టే. పదును దాని మొహానికేసి."

కూర్మమ్మ మొదటిసారి నవ్వింది. "రేపు ఎర్రచీర కడతాను. అది దూరం నుంచే సూడాల. పోయి టీ తే."

భారతి టీ తెచ్చేసరికి మంచం చుట్టూ నర్సులున్నారు. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీసిందని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో భారతికి తెలియలేదు.

అమావాస్య మర్నాడు గురమ్మ గంపెత్తుకుని ఆ మూలకు వచ్చింది.

"ఈ పీట ఎవులైనా అవతల పెట్టండే," అంది.

ఎవరూ తలెత్తలేదు. కోసే చేపలు కోస్తూనే ఉన్నారు. గురమ్మ వంగింది. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. గంప నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడింది.

మూల మీద కత్తిపీట, పదును ఆమె వైపుకే.