నెత్తురు కనబడని దెబ్బ

బెళుగుప్ప దాపున ఉన్న ఆ పల్లెలో తగవు తీర్చడానికి ఒక కొలత ఉండేది. దెబ్బ తిన్నవాడు చొక్కా ఎత్తి చూపాలి. నెత్తురు కారి ఉంటే అది దెబ్బ, లేకపోతే కసిరి ఇంటికి తరిమేస్తారు. నలభై ఏళ్లుగా ఈ కొలతను కాపాడుతున్న పెద్దమనిషి శ్రీరంగప్ప. ఎంత ఘనకార్యమో చూడండి!

పందొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం, వేరుశనగ పీకే రోజులు. జీతగాడు సుంకప్ప కాస్త ఆదమరిచేసరికి ఎద్దులు కాయల కుప్పలో మూతి పెట్టాయి. చేను ఆసామి జయరాముడు, శ్రీరంగప్పకు మేనల్లుడు, సుంకప్పను ఎడమ డొక్కలో ఎగిరి తన్నాడు.

సాయంత్రం సుంకప్పను అతని భార్య ఆంజినమ్మ రచ్చకట్ట దగ్గరికి నడిపించుకొచ్చింది. శ్రీరంగప్ప చొక్కా ఎత్తించి చూశాడు. గీత కూడా లేదు. తన మేనల్లుడి మీద నింద మోపడానికి వచ్చారని ఆయనకు ఒళ్లు మండింది.

"నెత్తురు చుక్క ల్యాకుండా దెబ్బ యాడుండాది? పని ఎగ్గొట్టే నాటకాలు నాకాడ ఆడొద్దు" అన్నాడు.

ఆంజినమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతానంటే, పనుల కాలంలో కదలనిచ్చేది లేదని జయరాముడు అడ్డం తిరిగాడు. శ్రీరంగప్ప కూడా వాడికే వంతపాడాడు.

ఐదు రోజులు సుంకప్ప డొక్క పట్టుకునే పని చేశాడు. ఎడమ భుజం లాగుతోందంటే అందరూ నవ్వారు. ఆరో రోజు మూట ఎత్తబోయి చేలోనే కూలిపోయాడు. మొహం తెల్లగా పాలిపోయి, ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టాయి. అది చూసిన శ్రీరంగప్ప ఆంజినమ్మనూ జయరాముణ్ణీ వెంటబెట్టుకుని, తానే బస్సు ఆపించి అతన్ని అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆపరేషన్ బల్ల మీదే సుంకప్ప ప్రాణం పోయింది.

డాక్టరు బయటికొచ్చి జరిగింది చెప్పాడు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం అనే మెత్తటి అవయవం ఉంటుంది. దెబ్బకు అది లోపల చిట్లింది; ఎడమ భుజం లాగడం కూడా దానికి గుర్తే. పైపొర ఐదు రోజులు నెత్తురును ఆపి, ఈ రోజు పగిలిపోయింది. మొదటి రోజే తెచ్చి ఉంటే బతికేవాడేమో అన్నాడు. దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు.

"బండి మీంచి పడినాడు సార్" అని జయరాముడు మామ వైపు చూశాడు.

ఆంజినమ్మ కూడా ఆయన వైపే చూస్తోంది. శ్రీరంగప్ప తల ఊపితే చాలు, మేనల్లుడు బయటపడతాడు. కానీ తన మీద తనకే అసహ్యం పుట్టింది ఆయనకు.

"పడలా సార్. వీడు తన్నినాడు. ఆస్పత్రికి పోతామంటే నేను పోనీలా. నా పేరు గూడా రాసుకోండి."

జయరాముడు పళ్లు కొరికాడు. ఆంజినమ్మ కళ్లలో మాత్రం ఇంత కూడా కనికరం లేదు.

"నిజం చెప్పినావని నీకు మొక్కనప్పా. ఈ నోరు ఆ పొద్దే పెగిలింటే నా మొగుడు బతికుండేవాడు. ఇంగ ఎవరన్నా నొప్పి అని వస్తే చొక్కా ఎత్తించొద్దు, ఆస్పత్రికి పంపు."