వాసీ వంతు

ప్రొజెక్టర్ కటకాన్ని వాసీ మెత్తని గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టే కాలం. ఎన్ని తలుపులు మూసినా సన్నని నల్లమసి ఎక్కడి నుంచో లోపలికి వచ్చి చేరుతుంది. కప్పుల్లో, కిటికీ అంచుల మీద, సిస్టర్ల భుజాల మీద. కటకం మీద పడితే మాత్రం తెరమీది ఊపిరితిత్తుల్లో లేని మచ్చ కనబడుతుంది. ఒకసారి అలాగే కనబడితే డాక్టర్లు దాని గురించి వాదించుకున్నారు. తప్పు తనదేనని తెలిశాక వాసీ ఆ రోజంతా తల ఎత్తలేదు.

అతను పొట్టి మనిషి. ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో దుప్పట్ల మూటలు మోసి మోసి ఎడమ భుజం కొంచెం కిందికి దిగిపోయింది. తర్వాత టీ పని ఇచ్చారు. వస్తువును పాడుచెయ్యడని పేరు వచ్చాక ప్రొజెక్టర్ కూడా అప్పగించారు. బూడిదరంగు కోటు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. భార్య వసంతి పోయినప్పటి నుంచి ఇస్త్రీ తానే చేసుకుంటున్నాడు. కోటు చేతుల మీద ఒక మడత పడవలసిన చోట రెండు పడుతున్నాయి.

కటకాన్ని బిగించి, కుర్చీలు వరసగా వేశాడు. గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద వెదురు బుట్ట పెట్టాడు. మందుల కంపెనీల పేర్లున్న కలాలు, పుస్తకాలు ఏవున్నా డాక్టర్లు ఆ బుట్టలో వేసి లోపలికి రావాలి. వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు. పెళ్ళింటి గుమ్మంలో తుపాకులు వదిలి వచ్చినట్టుంది అని, గదులు తుడిచే మేవిస్ మొదటిసారి చూసినప్పుడు నవ్వింది. ఊళ్ళలో కాల్పులు జరుగుతున్న ఆ సంవత్సరాల్లో ఆ మాటకు అందరూ నవ్వలేకపోయారు.

రంగు చూడకుండా అందరికీ ఓటు వచ్చిన ఎన్నికలకు ముందు డాక్టర్ల చదువు సమావేశం ఇక్కడ జరిగేది కాదు. సముద్రపు ఒడ్డున హోటల్లో, ఒక మందుల కంపెనీ ఖర్చుతో జరిగేది. తెల్ల డాక్టర్లు వెళ్ళేవారు. పోను పోను ఇద్దరు ముగ్గురు ఇండియన్ డాక్టర్లను కూడా పిలిచారు. వాసీని ప్రొజెక్టర్‌తో పాటు వ్యాన్‌లో తీసుకెళ్ళి, హాలు వెనక వంటింటి తలుపు పక్కన కూర్చోబెట్టేవారు. కంపెనీ మనిషి మాట్లాడేవాడు. రొయ్యలు వచ్చేవి, వైన్ వచ్చేది. దీపాలు వెలిగించాక ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగేవారు. ఎవరికీ ఉండేవి కావు. అందరూ చప్పట్లు కొట్టేవారు.

వాసీకి వైద్యం తెలియదు. కడుపునిండా పెట్టినవాడిని ఎదురు అడగడం ఎంత కష్టమో మాత్రం తెలుసు.

కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటేడు గుంటూరు నుంచి డాక్టర్ విమల వచ్చింది. ఆమె పట్టుబట్టి సమావేశాన్ని ఆసుపత్రికి తెచ్చింది. పాత దుప్పట్ల గదిని ఖాళీ చేయించింది. కంపెనీ భోజనం వద్దంది. నెలకొకరు వంతున ఇంటి నుంచి వండి తేవాలి. సూపరింటెండెంట్‌కు వంతు ఉంది, సిస్టర్లకు ఉంది, డ్రైవర్‌కు ఉంది. టీ కాచే వాసీకి కూడా ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు వసంతి నమ్మలేదు. డాక్టర్లు మన కూర తింటారా అని రెండుసార్లు అడిగింది. తర్వాత వంతు వచ్చిన ప్రతిసారీ ముందురోజే చింతపండు నానబెట్టి, నిద్రపోకుండా కూర్చునేది.

ఆమె పోయాక వాసీకి వంతు రావడం ఇదే మొదటిసారి. విమల ఈసారికి వదిలేద్దామంది. అతను వద్దన్నాడు. కూతురు వండి తెస్తుందని చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో ఉన్న గర్వం అతనికే వినబడింది.

రోషిని ఒక మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసే ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. డర్బన్‌లో గ్రీన్‌వుడ్ పార్క్‌లో స్నేహితురాలితో ఉంటుంది. కంపెనీ తెల్లకారు ఇచ్చింది. వాళ్ళ కుటుంబంలో కారు తోలిన మొదటి ఆడమనిషి ఆమే. ఏ ప్రాంతం ఇస్తారన్నది ఇంకా తేలలేదు. ఉత్తర తీరం ఇస్తే షాకాస్‌క్రాల్‌లో తండ్రి దగ్గరే ఉండి తిరగవచ్చు. లేకపోతే దేశం ఆ చివరనున్న కేప్ వైపు పంపుతారు. ఈ ఆసుపత్రి సమావేశం కంపెనీ చేతికి వస్తే ఉత్తర తీరం నీదే అని బాస్ అన్నాడట. డాక్టరమ్మతో ఒక్క మాట చెప్పమని ఆమె ప్రతి ఆదివారం ఫోన్‌లో అడిగేది. చెప్తాను అనేవాడు వాసీ. చెప్పలేదు. పోయిన ఆదివారం ఆమె ఆ సంగతి ఎత్తనే లేదు. నీ వంతుకు నేను వండుతాను నాయినా, అంది. మొండితనం వదిలేసిందనుకుని అతను సంతోషపడ్డాడు. ఫోన్ పెట్టేశాక ఇంకో సంగతి తోచింది. వదిలేసిందంటే, కేప్‌కు వెళ్ళిపోతుందన్న మాట.

కారు వంటగది వెనక ఆగింది. రోషిని డిక్కీలోంచి పెద్ద డేగిసా దించుతుంటే మేవిస్ పరుగెత్తి రెండో చెవి పట్టుకుంది. చెట్టు మీది కోతులు ముందుకు జరిగి కూర్చున్నాయి. మూత తీయగానే మాంసం కూర వాసన వంటగది దాటి నడవలోకి పోయింది.

"రుచి చూడు నాయినా. అమ్మదిలాగ ఉందా, లేదా?"

వాసీ అరచేతిలో కొంచెం పోయించుకుని నాకాడు. మసాలా ముందు తెలిసింది. చివర్న, అంతా అయిపోయిందనుకున్నాక, చింతపండు పులుపు వచ్చింది. అది వసంతి చేసే పని. దించే ముందు వేసేది. అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఉప్పు తక్కువ," అన్నాడు అటే చూస్తూ.

"అమ్మ కూడా తక్కువే ఏసేది. నీ ప్రెషర్‌కి. నువ్ ఇన్నేళ్ళు తిని తెలుసుకోలే?"

మేవిస్‌కు తెలుగు రాదు. అయినా నవ్వింది.

రోషిని నడుముకు గుడ్డ చుట్టుకుని కొత్తిమీర తరగడం మొదలుపెట్టింది. మెడ వంచితే వసంతిలాగే ఉంది. వాసీ చూస్తూ నిలబడ్డాడు. ఇంత మంచి మాంసం ఎక్కడ దొరికిందని మాటవరసకు అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. గ్రీన్‌వుడ్ పార్క్ కసాయి దగ్గర, కంపెనీ ఖాతాలో. బాస్ తనంతట తనే మంచి తొడ మాంసం తీసుకోమన్నాడు. ఆ గదిలోకి మన కంపెనీ తిండి పోవడం ఇదే మొదలు అని సంబరపడ్డాడు. జోహానెస్‌బర్గ్ ఆఫీసుకు అప్పుడే చెప్పేశాడు కూడా.

కత్తి చప్పుడు కాసేపు సాగింది. మూత చప్పుడుకు ఆమె తల ఎత్తింది. అతను డేగిసా మీద మూత పెడుతున్నాడు.

"ఇది లోపలికి ఎల్లదు పాపా."

"వండింది నేను కదా. ఇది అమ్మ కూర."

"చెయ్యి నీదే."

"మరి?"

"తిన్నాక డాక్టర్లు ఎదురు అడగలేరు. నేను సూశాను."

ఆమె కత్తి కింద పెట్టింది. గొంతు పెంచలేదు. ఎవరికి తెలుస్తుందని అడిగింది. తను చెప్పదు. మేవిస్‌కు ఈ మాటలు అర్థం కావు. ఇక మిగిలింది అతను. కావాలంటే మాంసం డబ్బు తనే కట్టేస్తానంది. కట్టేస్తే ఇది ఇంటి కూరే కదా అంది. కట్టినా నీ బాస్ జోహానెస్‌బర్గ్‌కు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటాడా అని వాసీ అడిగాడు. ఆమె తరిగిన కొత్తిమీరను ఒక పక్కకు నెట్టింది.

"నన్ను కేప్‌కి పంపుతారు నాయినా. నీకు తెలుసు."

"తెలుసు."

నిజంగానే ఎవరికీ తెలియదు. మూత తీసి వడ్డిస్తే చాలు. డాక్టర్లు వసంతిని తలుచుకుని తింటారు. ఈ పిల్ల ప్రతి సాయంత్రం షాకాస్‌క్రాల్ ఇంటి ముందు కారు ఆపుతుంది. అతను మూత మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. మూత వేడి అరచేతికి తగులుతోంది. తర్వాత టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు.

డాక్టర్లు ఒక్కొక్కరే వచ్చారు. బుట్టలో కలాలు పడుతున్న చప్పుడు. విమల వచ్చి బల్ల మీద రొట్టె, జామ్ తప్ప ఏమీ లేకపోవడం చూసింది.

"ఇయ్యాల తిండి లేదు డాక్టరమ్మా," అన్నాడు వాసీ. "నా వంతు తప్పింది."

నడవంతా కూర వాసన. విమల వంటగది తలుపు వైపు చూసింది. లోపలి కిటికీలోంచి తెల్లకారు, దాని తలుపు మీద కంపెనీ పేరు కనబడుతున్నాయి. ఆమె వాటిని చూసి, మళ్ళీ వాసీని చూసింది.

"టీ ఉందా వాసీగారూ?"

"ఉంది."

"అయితే వంతు తప్పలేదు లెండి," అని వెళ్ళి కూర్చుంది.

వెనక వరసలో కుర్ర డాక్టరొకడు ఇంత వాసన పెట్టి రొట్టె తినిపించడం హింస అన్నాడు. అందరూ నవ్వారు. వాసీ దీపాలు ఆర్పాడు.

ఆ రోజు సంగతి రక్తపోటు మాత్రలు. కొత్తవి మంచివా, ఆసుపత్రిలో ఎప్పటి నుంచో ఇస్తున్న పాతవే చాలునా అన్నది. విమల రెండు స్లైడ్లు చూపించిందో లేదో ఒక సిస్టర్ అడ్డు తగిలింది. ఆమె ప్రశ్నకు జవాబు వచ్చేలోపు ఇంకొకరు అడిగారు. సూపరింటెండెంట్ ఒప్పుకోలేదు. విమల తనకు ఆ సంగతి తెలియదని, చదివి వచ్చే నెల చెప్తానని అంది. ఆకలి వల్లో ఏమో ఎవరూ ఊరుకోవడం లేదు. ఎవరైనా మాట్లాడుతుంటే వాసీ స్లైడు మార్చకుండా ఆగేవాడు. మిగతా రోజుల్లో ఆ మాటల రొద అతనికి వాన చప్పుడులా హాయిగా ఉండేది. ఇవాళ కూడా అలాగే ఉంది. దాని కోసం ఏమిచ్చాడో మాత్రం చీకట్లో కూర్చుని తలుచుకుంటూనే ఉన్నాడు.

వెనక తలుపు కొంచెం తెరిచి ఉంది. మెట్ల మీద మేవిస్, బట్టలుతికే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. రోషిని గరిటెతో వడ్డిస్తోంది. ఇది కంపెనీ తిండి, డాక్టర్లు తినకూడనిది అని ఆమె ముందే చెప్పినట్టుంది. మేవిస్ పళ్ళెం ముందుకు చాపింది.

"హావు, ఇదేం మాట! మేము మందులు రాస్తామా పెట్టామా. మా కడుపులకు ఏ అడ్డూ లేదు. ఇంకొంచెం వెయ్యి తల్లీ."

రోషిని నవ్వింది. నవ్వి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. మిరపకాయల వల్ల కావచ్చు. వాసీ తెరవైపు తిరిగాడు.

సమావేశం అయ్యాక బుట్ట ఖాళీ అయింది. వాసీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వచ్చేసరికి ఆమె డేగిసా కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ, సోమవారం బాస్‌తో మాట్లాడతానంది. ఈ నెలాఖరుకే కేప్ వెళ్ళవలసి రావచ్చు. అక్కడ చలి ఎక్కువట. కప్పులు అతని చేతిలోంచి తీసుకుని తొట్టిలో పెట్టింది. ఇద్దరూ కలిసి కడిగారు. ఆమె కడుగుతుంటే అతను తుడిచాడు.

"ఒక్క మాట అడుగుతాను నాయినా," అంది చివరి కప్పు అందిస్తూ. "నువ్ ఉండమని నాకు ఎప్పుడూ సెప్పలే. ఫోన్‌లో కూడా. నేను ఎల్లిపోతే నీకు పర్వాలేదా?"

వాసీ కప్పును చాలాసేపు తుడిచాడు.

"నీ మంచం దుప్పటి ప్రతి ఆదివారం మారుస్తాను," అన్నాడు.

రోషిని దగ్గరికి జరిగింది. కాసేపు తన తల అతని దిగిపోయిన భుజానికి ఆనించింది. ఆ భుజం కదలకుండా ఉండాలని వాసీ ఊపిరి మెల్లగా తీసుకున్నాడు. తర్వాత డేగిసా ఎత్తుకుని వెళ్ళింది. కారు స్టార్ట్ అవడం, గేటు దగ్గర నెమ్మదించడం, పెద్ద రోడ్డు మీద డర్బన్ వైపు తిరగడం అతను తొట్టి దగ్గరే నిలబడి విన్నాడు. మిగతా బండ్ల చప్పుళ్ళలో ఆ చప్పుడు కలిసిపోయాక కూడా వింటూనే ఉన్నాడు.

తొట్టి నీళ్ళు వదిలి, గుడ్డలు ఆరవెయ్యడానికి వెనక తలుపు తీశాడు. ఆఫీసు బూట్లు కారులో వేసుకుందేమో, వడ్డించేటప్పుడు వేసుకున్న నీలం రబ్బరు చెప్పులు కింది మెట్టు మీద ఉన్నాయి, మడమల దగ్గర అరిగి, ఇంకా తడిగా, వంటగది వైపు తిరిగి.