బెంగో

పంతులమ్మను పక్కకి ఒత్తిగిలించి, తడిగుడ్డతో వీపు తుడిచి, పౌడరు అద్దింది ఆయా. వృద్ధాశ్రమంలో ఈ పని చేసీ చేసీ అరచేతులు గరుకుదేరాయి. అయినా ఆమె చెయ్యి మెత్తనని మంచం పట్టినవాళ్ళందరూ అంటారు.

పంతులమ్మ పుట్టుభాష స్పానిష్. ఓపిక ఉన్నన్నాళ్ళూ బళ్ళో అదే చెప్పింది. ఇప్పుడు మిగిలిన శిష్యురాలు ఆయా ఒక్కతే. నీళ్ళు, దిండు, నొప్పి, అన్నీ నేర్చుకుంది కానీ ఒక్కచోట బండి మొరాయించింది. గది దాటేటప్పుడల్లా "బెంగో" అంటుంది.

"బెంగో అంటే వస్తున్నా. నువ్వు వెళ్తున్నావు. బోయ్ అను," అనేది పంతులమ్మ, తెలుగు మాటలు కూడబలుక్కుంటూ.

"మంచంమీదున్న మనిషితో వెళ్తానని ఎలా అంటానమ్మా? నోరెలా వస్తుంది?"

"వెళ్తూ వస్తాననడం తప్పు."

"తిరిగొస్తాగా! తప్పెలా అవుతుంది?"

వంటామె విని, "ఎవరిమీదే నీకంత బెంగ?" అని ఆటపట్టించేది. ఆయా నవ్వేసేది. ఆమె భర్త ఒకనాడు విసుగ్గా "పోతున్నా" అని గడప దాటి, మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ కూతురు పనికి బయల్దేరినా వెనక్కి పిలిచి మరీ "వస్తా" అనిపిస్తుంది.

ఇవాళ పంతులమ్మ పాలు ముట్టలేదు. ఊపిరి ఎగదన్నుతోంది. డాక్టరు చూసి పెదవి విరిచాడు. ఆయాకి మనసు మనసులో లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ అడిగిన మాట ఇప్పుడైనా అంటే తృప్తిపడుతుంది. కానీ అంటే తానే సాగనంపినట్టు అవుతుందేమో.

మధ్యాహ్నం దుప్పటి తడిసింది. కింద బట్టలగదికి వెళ్ళక తప్పదు. గుమ్మంలో నిలబడి, గుండె చిక్కబట్టుకుని, "బోయ్," అంది.

పంతులమ్మ కళ్ళు తెరిచి, తల అడ్డంగా ఊపింది.

"కాదు. నీ మాటే బాగుంది. అదే అను."

"బెంగో," అంది ఆయా.

"నేనూ... బెంగో," అంది పంతులమ్మ.

ఆయా దుప్పటి తెచ్చేసరికి ఆవిడ ప్రాణం పోయింది. సొంత అత్త పోయినా అంత ఏడవలేదు ఆయా. తర్వాత ముఖం తుడిచి, జుట్టు దువ్వి, ఉతికిన దుప్పటి కప్పింది. వంటామె వచ్చి పక్కన కూర్చుంది.

సాయంత్రం పంతులమ్మను తీసుకెళ్ళాక గది ఖాళీ అయింది. కిటికీ గట్టుమీద ఆవిడ కళ్ళజోడు, కాళ్ళు చాపుకుని, ఒక అద్దంమీద వేలిముద్రతో, అలాగే ఉండిపోయింది.